నాలుగు దిక్కుల నాదము - రెండు దారుల ప్రయాణము

ఉప్పలులో క్రికెట్ ఆట జరుగు సాయంకాలమున క్రీడాప్రాంగణములో కూర్చుండినవారికి శబ్దము ఏదో యొక దిక్కునుండి వచ్చునది కాదు. ఎదుట బంతిని బ్యాటు తాకిన చప్పుడు, కుడిప్రక్క బూరలు, ఎడమప్రక్క చప్పట్లు, వెనుక వరుసలనుండి కేకలు. కన్నులు మూసికొన్నను తాము జనసముద్రమునకు నడుమ నున్నామని చెవులే చెప్పును. 2005 సం. నవంబరు 16వ తేదీన భారతదేశమునకును దక్షిణాఫ్రికాకును జరిగిన యాటతో ఆ ప్రాంగణమున అంతర్జాతీయ పోటీలు మొదలైనవి. నాటినుండి ఆ కోలాహలమును ఉప్పలువారెల్ల నెరుగుదురు.

ఆ యాటనే నాచారములో నొక యింట టెలివిజనుముందు కూర్చుండి చూచువారికి ఉన్నవి రెండే చిన్న స్పీకర్లు. చేతిఫోనులో వినువారికి తరచుగా ఒక్కటియే. నాలుగు దిక్కుల శబ్దము రెండు దారులలో ఎట్లు ఇమిడినది? ఇముడునప్పుడు ఏమి మిగులును, ఏమి పోవును? ఈ విషయమును మేము పుస్తకములలో చదివి తెలిసికొనుటకు ముందే ఒక పొరపాటు చేసి తెలిసికొంటిమి. కావున ఆ పొరపాటుతోనే మొదలుపెట్టుచున్నాము.

మా పాఠశాలలో జరిగినది

వార్షికోత్సవదినమున మా విద్యార్థులు ఒక పాటను రెండు గుంపులుగా పాడిరి. పెద్ద తరగతులవారు వేదికమీద నిలిచి చరణము నెత్తుకొనగా, చిన్న తరగతుల పిల్లలు సభ వెనుక నున్న మేడమీదినుండి ప్రతిచరణమునకును బదులు పలికిరి. వినువారు పలుమారులు వెనుకకు తిరిగి చూచి సంతోషించిరి. ఆ యనుభవము రాలేనివారికిని అందవలెనని తలంచి మేము నాలుగు మైకులు పెట్టించితిమి: ఎదుట ఎడమను ఒకటి, కుడిని ఒకటి, నడుమ ఒకటి, వెనుక పిల్లలయెదుట ఒకటి. పిదప ఆ నాలుగింటిని కంప్యూటరుమీద నొక పద్ధతిచే రెండు చానెళ్ల స్టీరియోగా కూర్చితిమి. సరౌండ్ యంత్రముమీద విన్నప్పుడు పిల్లల గొంతులు చక్కగా వెనుకనుండియే వినవచ్చెను. సాధారణమైన రెండు స్పీకర్లమీదను బాగుగనే యుండెను. మేము మిక్కిలి సంతోషించి దానిని తలిదండ్రులందరికి పంపితిమి.

మరునాడు ఒక తల్లి బడికి వచ్చెను. ఆమె నాచారములోని యొక కార్ఖానాలో పని చేయునది. సెలవు దొరకక ఉత్సవమునకు రాలేదు. ఆమె అడిగిన మాట యిది: "సారూ, మా బిడ్డ పాడినా పాడినా అని చెప్తున్నది. ఎన్నిసార్లు విన్నా దాని గొంతు వినవస్తలేదు. వట్టిగనే చెప్తున్నదా?"

ఆమె చేతిఫోనులో మేమును వింటిమి. వేదికమీది చరణము స్పష్టముగా వినబడెను. తరువాత పిల్లలు బదులు పలుకవలసిన చోట దాదాపు నిశ్శబ్దము. మరల వేదికమీది చరణము, మరల నిశ్శబ్దము. ముప్పదిమంది పిల్లల పాట పూర్తిగా మాయమైనది. ఆ రాత్రి యింటిలో ఆ బాలిక అబద్ధమాడినదని మాటలు పడియుండెనట. బాలిక అబద్ధమాడలేదు, మేము కూర్చిన శబ్దమే అబద్ధమాడినది. ఎట్లు?

రెండు చెవుల కథ

శబ్దము గాలిలో సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. కుడిప్రక్కనుండి వచ్చు ధ్వని మొదట కుడిచెవికిని, తలను చుట్టుకొని కొంచెము ఆలస్యముగా ఎడమచెవికిని చేరును. ఆ యాలస్యము మిక్కిలి హెచ్చైనప్పుడు సుమారు 0.65 మిల్లీసెకండు. అంతేగాక తల యడ్డుపడుటచే సన్నని స్వరములు ఆవలిచెవికి తగ్గి చేరును. ఈ రెండు భేదములనుబట్టియే మెదడు దిక్కును నిర్ణయించునని రేలీ ప్రభువు 1907లో వివరించెను.

ఒక చెవికొక శబ్దమును వేరువేరుగా అందించినచో దిక్కులుగూడ అందునని లోకమునకు తెలియుట అంతకు పూర్వమే జరిగెను. 1881లో పారిసులో జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాఁ ఆడర్ అను ఫ్రెంచి యింజనీరు నాటకశాల వేదికమీద టెలిఫోను మైకులను జతలుగా అమర్చి, దూరముననున్నవారికి రెండు చెవులకు రెండు గొట్టములు ఇచ్చి గానమును వినిపించెను. పాడువారు వేదికమీద ఎటు నడచినది వినువారికి తెలిసెను.

కూడికయు తీసివేతయు

ఇంగ్లండులో ఇ.ఎమ్.ఐ. సంస్థలో పనిచేసిన ఆలన్ బ్లూమ్లీన్ 1931 డిసెంబరులో స్టీరియోధ్వనికి పేటెంటు కోరెను. ఆయన 1942లో విమానములో రాడారు పరీక్ష చేయుచుండగా ప్రమాదవశమున 38వ యేట మరణించెను. కాని ఆయన పేటెంటులోని యొక భావము నేటికిని బ్రతికియున్నది. అది మన రెండవ తరగతి పిల్లలకు తెలిసిన లెక్కయే.

ఎడమశబ్దమును, కుడిశబ్దమును నేరుగా పంపుటకు మారుగా, వాటి మొత్తము నొకటి, వాటి భేదము నొకటి పంపవచ్చును. ఎడమ 9, కుడి 5 అనుకొనుడు. మొత్తము 14, భేదము 4. అందుకొన్నవాడు ఈ రెండింటిని కూడి సగము చేసినచో 9, తీసివేసి సగము చేసినచో 5. పోయినది ఏమియు లేదు. అయిన లాభమేమి? ఒక్క స్పీకరు మాత్రమేగల పేదవాడు మొత్తమును మాత్రము తీసికొని భేదమును వదలివేయవచ్చును. అతనికి ఎడమయు కుడియు రెండును కలిసియే వినబడును. ఉన్నవానికి స్టీరియో, లేనివానికి మోనో. పంపినది మాత్రము ఒక్కటియే.

1950వ దశకము చివర వచ్చిన స్టీరియో గ్రామఫోను రికార్డులలో సూది ప్రక్కలకు కదలుట మొత్తమును, పైకి క్రిందికి కదలుట భేదమును తెలుపును. 1961లో అమెరికాలో అనుమతి పొందిన ఎఫ్.ఎమ్. స్టీరియో రేడియోలో మొత్తము పాత స్థానముననే యుండును; భేదము 38 కిలోహెర్ట్జుల ఉపవాహకముమీద నెక్కి పోవును. పాతరేడియో దానిని గుర్తింపకయే తన మానాన తాను పాడుచుండును. పాత యంత్రము నెవడును పారవేయనక్కరలేకుండ క్రొత్త విద్యను తెచ్చుట - దీనినే మనము పొందిక యనుచున్నాము.

పొందిక లేని గొప్ప విద్య ఏమగునో తెలియుటకు 1940లో వాల్ట్ డిస్నీ సంస్థ విడుదల చేసిన 'ఫాంటాసియా' చిత్రమే సాక్షి. దానికై ప్రేక్షకుల చుట్టును శబ్దము వచ్చునట్లు 'ఫాంటాసౌండ్' అను ప్రత్యేకయంత్రమును కల్పించిరి. కాని ఆ యంత్రమును పెట్టగలిగిన సినిమాశాలలు కొన్నియే. కావున ఆ పద్ధతి నిలువలేదు. 1953లో వచ్చిన 'ది రోబ్' చిత్రము ఎడమ, నడుమ, కుడి, వెనుక అను నాలుగు చానెళ్లను అయస్కాంతపు పట్టీలమీద మోసికొనివచ్చెను. అదియు ఖర్చుతో కూడినది. పెక్కు సినిమాశాలలు దానికి తగిన పరికరములను కొనలేదు.

నాలుగింటిని రెండింటిలో నిముడ్చుట

ఇక అసలు విషయము. నాలుగు చానెళ్లను రెండింటిలో కలిపి, మరల నాలుగుగా విడదీయుట సాధ్యమా? 1960వ దశకము చివర అమెరికాదేశీయుడు పీటర్ షైబర్ ఈ మార్గమున పనిచేసెను. 1970వ దశకారంభమున సి.బి.ఎస్. సంస్థవారి ఎస్.క్యూ., జపానులోని సాన్సుయి వారి క్యూ.ఎస్. అను పద్ధతులు గ్రామఫోను రికార్డులమీద వచ్చినవి. ఒకరి రికార్డు మరియొకరి యంత్రమున సరిగా విడివడదు. కొనువారు విసిగి కొనుట మానిరి. ఆ విద్య యిండ్లలో చల్లారి సినిమాశాలలో మరల వెలిగెను.

వెలిగించినవాడు రే డాల్బీ. ఆయనకు మన దేశముతో సంబంధము గలదు. 1963 మొదలు 1965 వరకు ఆయన యునెస్కో సలహాదారుగా ఇండియాలో నుండెను. 1965లో లండనులో తన పరిశోధనశాలను స్థాపించెను. ఆ సంస్థవారు 1970వ దశకము నడుమ ప్రవేశపెట్టిన డాల్బీ స్టీరియోలో, ఫిలిం అంచున పూర్వము ఒక్క ధ్వనిరేఖ యుండిన స్థలముననే రెండు సన్నని రేఖలుండును. ఆ రెండింటిలో నాలుగు చానెళ్లు దాగియుండును. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రముతో ఈ పద్ధతి లోకప్రసిద్ధమయ్యెను.

దాని లెక్కను విద్యార్థులు కాగితముమీద వేసి చూడవలెను. పంపు రెండు దారులకు ఎడమ మొత్తము, కుడి మొత్తము అని పేరు పెట్టుదము.

ఎడమశబ్దము 10 అయినచో ఎడమ మొత్తమున 10, కుడి మొత్తమున 0. కుడిశబ్దమునకు దీనికి వ్యతిరేకము. నడిమిశబ్దము 10 అయినచో రెండింటిలోను 7 చొప్పున. 5 చొప్పున కాక 7 ఏల? శబ్దబలము వర్గమునుబట్టి యుండును. 7 వర్గము 49; రెండు నలుబది తొమ్మిదులు 98; అది 10 వర్గమైన 100కు దాదాపు సమానము. కనుక బలము చెడలేదు.

వెనుకశబ్దము 10 అయినచో దానిని కూడ 7 చొప్పుననే రెండింటిలో వేయుదురు. కాని ఎడమలో +7, కుడిలో -7. అనగా ఒకదానిలో అల పైకి లేచునప్పుడు రెండవదానిలో క్రిందికి దిగును. ఇదియే రహస్యము. అందుకొను యంత్రము రెండింటిని కూడినచో నడిమిశబ్దము 14 అగును, వెనుకశబ్దము 0 అగును. తీసివేసినచో నడిమిశబ్దము 0 అగును, వెనుకశబ్దము 14 అగును. ఆ పదునాలుగును 0.7తో గుణించిన దాదాపు 10. నడిమిది నడుమకు, వెనుకది వెనుకకు చేరెను.

ఇచట ఒక చిక్కు గలదు. ఒక శబ్దము ఎదుటినుండి వెనుకకు పోవుచు సగము దారిలో నున్నదనుకొనుడు. అప్పుడు నడుమను, వెనుకను అది సమానముగా నుండును. ఎడమ మొత్తమున 7+7=14; కుడి మొత్తమున 7-7=0. అది ఎడమప్రక్కనే పుట్టిన శబ్దమువలె కనబడును! దీనికి విరుగుడుగా వెనుకశబ్దమును ఎడమలో అలయొక్క పావువంతు ముందునకును, కుడిలో పావువంతు వెనుకకును జరుపుదురు. పావువంతు జరిగిన అలలు కూడునప్పుడు 7ను 7ను నేరుగా కలియవు. సమకోణ త్రిభుజమున రెండు భుజములవలె కలిసి కర్ణమైన 10 నిచ్చును. ఈ కర్ణము రెండు దారులలోను సమానము గనుక శబ్దము ఒక ప్రక్కకు ఒరగదు. జామెట్రీ తరగతిలో నిదురించు విద్యార్థులు ఈ సంగతి గమనింతురుగాక. ఈ పావు పావు కలిసి ఇరుప్రక్కల భేదము సగమలయే గనుక, వెనుకశబ్దమునకు మునుపటి కూడిక తీసివేతలు అట్లే చెల్లును.

వెల చెల్లింపక తప్పదు

రెండు సమీకరణములతో నాలుగు అవ్యక్తరాసులను కనుగొనుట అసాధ్యమని బీజగణితము నేర్చిన ప్రతివానికి తెలియును. ఈ విద్యయు ఆ నియమమును దాటలేదు. ఎడమశబ్దము 10 ఒక్కటియే యున్నదనుకొనుడు. విడదీయునప్పుడు కూడినచో 10, 0.7తో గుణించిన నడుమ 7. తీసివేసినచో 10, వెనుకయు 7. ఎడమనుండి మాత్రమే రావలసిన శబ్దము నడుమను వెనుకను సగము బలముతో వినబడును. ఇంజనీర్లు దీనిని 3 డెసిబెళ్ల భేదమందురు. అది చాల తక్కువ.

ఈ లోపమును కప్పుటకు మూడు ఉపాయములు చేసిరి. మొదటిది, వెనుకశబ్దమును కొన్ని మిల్లీసెకండులు ఆలస్యముగా వదలుట. ఒకే శబ్దము రెండుచోట్లనుండి వచ్చినప్పుడు చెవి ముందు వచ్చినదానివైపే దిక్కును చూపునని హెల్ముట్ హాస్ 1949లో చూపెను. వెనుకకు కారిన ఎదుటిశబ్దము ఆలస్యముగా వచ్చుటచే చెవి దానిని లెక్కచేయదు. రెండవది, వెనుకదారిలో 7 కిలోహెర్ట్జులకు మించిన సన్నని స్వరములను ఆపివేయుట. మాటలలోని స, ష ధ్వనులు వెనుక బుసకొట్టకుండుటకై. మూడవది, యంత్రము క్షణక్షణమును ఏ దిక్కు శబ్దము మిన్నగా నున్నదో కనిపెట్టి, ఆ శబ్దము కారిపోవుచున్న తక్కిన స్పీకర్లలో దానిని రద్దుచేయుట. 1987లో ఇండ్లకు వచ్చిన ప్రో లాజిక్ యంత్రముల పని యిదియే. బడిలో ఒకేసారి నలుగురు లేచి మాటలాడినను, గట్టిగా పలికినవానివైపే ఉపాధ్యాయుని చూపు పోవునట్లే యిదియును.

నాచారమును తెలుగు సినిమాయును

మా యీ ప్రాంతమునకు శబ్దవిద్య పరాయిది కాదు. నాచారములో నందమూరి తారకరామారావుగారు 1970వ దశకమున రామకృష్ణ స్టూడియోను నెలకొల్పిరి. ఆ కాలపు తెలుగు చిత్రములలో అధికభాగము ఏకధ్వనిచిత్రములు. తెరవెనుక నున్న స్పీకరునుండియే వాన, ఉరుము, వీణ, సంభాషణ అన్నియు వచ్చుచుండెను. 1986లో కృష్ణగారి 'సింహాసనము' తెలుగున తొలి 70 మి.మీ. చిత్రముగా ఆరు దారుల స్టీరియోధ్వనితో వచ్చెను. అది అయస్కాంతపు పట్టీల విద్య. అట్టి యంత్రములేని ఊరివారికి ఆ ఆరు దారులు అందవు. 1990వ దశకమున సంఖ్యాధ్వని వచ్చినపిదప చానెళ్లను ఒకదానిలో నొకటి దాచవలసిన యవసరము సినిమాశాలలలో తగ్గెను. 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగమునకు డాల్బీ అట్మాస్ ధ్వని కూర్చబడెను. అందు తలపైనుండియు శబ్దము వచ్చును.

అయినను ఆ చిత్రములనే జనులు మెట్రోబండిలో నిలుచుండి చిన్న ఫోనులో చూచుచున్నారు. పదుల స్పీకర్ల శబ్దము రెండింటిలోనికి, కొన్నిమారులు ఒక్కదానిలోనికి దిగక తప్పదు. కాబట్టి పొందిక యను సమస్య తీరలేదు, రూపము మార్చుకొన్నది.

మా తప్పు ఏది

ఇప్పుడు ఆ తల్లి ఫోనులో నేమి జరిగినదో చదువరులే ఊహింపగలరు. ఆ ఫోనునకు స్పీకరు ఒక్కటియే. అది ఎడమ మొత్తమును కుడి మొత్తమును కూడి వినిపించును. వెనుక పిల్లల గొంతులు ఎడమలో +7, కుడిలో -7. కూడినచో సున్న. యంత్రము చెడలేదు, లెక్క తప్పలేదు. వేదికమీది మైకులలోనికి దూరమునుండి చొరబడిన కొద్దిపాటి ధ్వని మాత్రము గుసగుసవలె మిగిలెను.

అట్లయిన ఈ పద్ధతిని కల్పించినవారికి ఈ సంగతి తెలియదా? తెలియును. పాత సినిమాశాలలో ఒక్క స్పీకరుమీద ఈ ఫిలిమునే వేసినప్పుడు వెనుకశబ్దము పోవునని వారెరుగుదురు. అందుచేతనే పాత్రల సంభాషణను నడుమ నుంచి, వానచప్పుడు, గాలి, జనఘోష వంటివానిని వెనుక నుంచిరి. పోయినను కథ చెడనిదానినే పోవు స్థలమున పెట్టిరి. మేమో, పాటలో సగమును ఆ స్థలమున పెట్టితిమి. ముప్పదిమంది పిల్లలను గాలిచప్పుడు వరుసలో నిలిపితిమి. పద్ధతి మాకు తెలిసినది. దాని యుద్దేశము తెలియలేదు.

మరియొక దారి

మేము ఆ నాలుగు మైకుల శబ్దమును మరల తీసికొని వేరొక విధముగా కూర్చితిమి. ఇందు వెనుకశబ్దమును వ్యతిరేకచిహ్నముతో దాచుట లేదు. నడిమిదానిని రెండు ప్రక్కలకును 0.7 చొప్పునను, వెనుకదానిని అట్లే, రెండింటను +గానే కలుపుట. ఐదు చానెళ్ల ధ్వనియైనచో వెనుక ఎడమను ఎడమలోను, వెనుక కుడిని కుడిలోను 0.7 చొప్పున కలుపుదురు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారి సిఫారసునందును ఈ పాళ్లే కలవు. సంఖ్యాధ్వని ఫైళ్లలో ఎన్ని పాళ్లు కలుపవలెనో తెలుపు చిన్న గుర్తులను గూడ వ్రాసియుంచుట కలదు. ఇంటి యంత్రము వాటిని చదువుకొని తానే కలుపును.

దీనికిని వెల గలదు. ఇట్లు కలిపినదానిని మరల నాలుగుగా విడదీయుట కుదరదు; వెనుక పిల్లలు వేదికమీదికి వచ్చి నిలిచినట్లు వినబడుదురు. మరియు 10, 7, 7 ఒకేసారి కలిసినచో 24 అగును. దారి పట్టగలిగినది 10 మాత్రమే అయినచో శబ్దము పగులును. కావున అంతటిని తగినంత తగ్గించి కలుపవలెను.

ఈ రెంటికి నడుమ దారిగూడ నొకటి యున్నది. 1970వ దశకమున ఇంగ్లండులో మైకేల్ గెర్జన్ అను గణితవేత్తయు, ఆయన సహచరులును అంబిసోనిక్స్ అను పద్ధతిని పెంపొందించిరి. ఒక బిందువునొద్దకు అన్ని దిక్కులనుండి వచ్చు శబ్దమును కొలుచుట దాని మూలసూత్రము. దానిని రెండు దారులలో కూర్చు విధమునకు యు.హెచ్.జె. అని పేరు. అందు రెండు దారులను కూడినప్పుడు ఎదుటిశబ్దము 0.85 పాళ్లుండగా సరిగా వెనుకనున్నది సుమారు 0.48 పాళ్లుండును. అనగా ఒక్క స్పీకరుమీద వెనుకవారు తగ్గుదురు గాని మాయము కారు. వర్తకమున ఇది గెలువలేదు. కాని దీనిని చదివినపిమ్మట, లెక్క వేయువాడు ఎవరిని తలంచుకొని లెక్క వేసెనో ఆ లెక్కలోనే కనబడునని మాకు తోచినది.

విద్యార్థులు చేసి చూడదగినవి

మొదటి పరీక్ష: కంప్యూటరులో ఉచితముగా దొరకు ధ్వనిసంస్కరణ సాధనము నొకదానిని తెరచి, ఒక స్టీరియో సినిమాపాటను తీసికొనుడు. కుడి చానెలును తలక్రిందు చేసి ఎడమతో కూడుడు. పాడువారి గొంతు తరచుగా నడుమ నుండును గనుక అది చాలవరకు పోయి, ప్రక్కల వాద్యములును ప్రతిధ్వనియును మిగులును. మీరు వినుచున్నది భేదము. తలక్రిందు చేయక కూడినచో మొత్తము.

రెండవ పరీక్ష: పాత ఆంప్లిఫయరునకు తగిలించిన రెండు స్పీకర్లలో ఒకదాని రెండు తీగలను తారుమారు చేసి, రెండింటిని ఎదురెదురుగా దగ్గరకు చేర్చుడు. మంద్రస్వరములు సన్నగిల్లిపోవును. ఒకటి గాలిని నెట్టునప్పుడు రెండవది లాగుకొనును. తీగలను ముట్టుటకు ముందు కరెంటు తీసివేయవలెను; పెద్దలు దగ్గర నుండవలెను.

మూడవది పరీక్ష కాదు, అలవాటు. ఏదైన శబ్దమును కూర్చి యితరులకు పంపుటకు ముందు దానిని ఒక్క స్పీకరుగల చవుక ఫోనులో వినుడు. పంపుదారిలోనే కొన్ని సాధనములు రెండు చానెళ్లను ఒకటిగా కలిపివేయును. మిక్కిలి కుదించిన ఫైళ్లలో అలల ముందువెనుకల సంబంధము చెరిగిపోవచ్చును. అచట నిలిచినది అన్నిచోట్లను నిలుచును. మేమిప్పుడు ప్రతి ఉత్సవమునకును రెండు ఫైళ్లు చేయుచున్నాము: అందరికి పంపుటకు కలిపినది యొకటి, బడిలో నుంచుకొనుటకు నాలుగు దారులును వేరువేరుగా నున్నది యొకటి. రేపు మంచి పద్ధతి వచ్చినచో మూలము మనయొద్ద నుండవలెను గదా.

క్రొత్తగా కూర్చిన పాటను మేము ఆ తల్లికి బడిలోనే, ఆమె ఫోనులోనే వినిపించితిమి. బాలికయు ప్రక్కన నిలిచియుండెను. వేదికమీది చరణము ముగిసి వెనుకవారు ఎత్తుకొనగానే ఆ తల్లి, ముప్పది గొంతులలో తన బిడ్డ గొంతును వెంటనే గుర్తుపట్టెను. ఎట్లు గుర్తుపట్టెనో ఏ యంత్రశాస్త్రమును చెప్పజాలదు. ఆమె మాతో నేమియు ననలేదు. బిడ్డవైపు తిరిగి, "నిజమే పాడినవు" అనెను. ఆ బాలిక తలయెత్తి మావైపు చూచెను. ఆ చూపునకు మాయొద్ద జవాబు లేకపోయెను. ఈ వ్యాసమే ఆ జవాబు.